ఆమేన్ అనని ప్రార్థనలు

జనవరి 5, ఆదివారం

ఈ రోజు కూడా ఆయన అన్నం మధ్యలో ప్రార్థనలోకి వెళ్లిపోయారు.

ముద్ద చేతిలోనే ఉంది. పెదవులు మెల్లగా కదులుతున్నాయి. ఎడమచేతి వేళ్లు చొక్కా గుండీని పట్టుకుని తిప్పుతున్నాయి. నేను చున్నీ తల మీదికి లాక్కుని కళ్లు మూసుకున్నాను. ప్రార్థన చేసుకుంటున్న మనిషి ముఖంలోకి చూడకూడదని మా అమ్మ చెప్పేది.

అబిగేల్ ఆదివారాలు రిచ్‌మండ్ హిల్ నుంచి వస్తుంది. అది కళ్లు మూసుకోలేదు. "డాడ్? డాడ్, ఆర్ యూ ఓకే?" అంటోంది. నేను కళ్లు తెరవకుండానే "ఉష్" అన్నాను.

కాసేపటికి ఆయన గొంతు వినిపించింది. "పులుసు వేయలేదేం, స్వర్ణా?"

పులుసు కంచంలోనే ఉంది. కలిపిన ముద్ద చేతిలోనే ఉంది. నేను నవ్వాను. ఆయనా నవ్వారు. అబిగేల్ నవ్వలేదు.

"హీ జోన్డ్ అవుట్, మామ్."

"మీ వయసువాళ్లు ఫోన్ చూస్తూ అలా అవుతారు. మీ నాన్న దేవుని సన్నిధిలో ఉన్నారు."

పాతికేళ్లుగా దేవుణ్ని ఈ ఒక్కటే అడిగాను. కెనడాకు, ఈ బ్రాంప్టన్‌కు వచ్చిన కొత్తలో కూటంలో ప్రసంగం మొదలవగానే ఈయన పార్కింగ్‌లోకి వెళ్లి నిలబడేవారు. ట్రక్కు డ్రైవరుకు దేవుడు రోడ్డు మీదే కనిపిస్తాడనేవారు. ఇప్పుడు ఎవరూ చెప్పకుండానే ప్రార్థన. క్రిస్మస్ ముందు మొదలైంది. స్తోత్రం.

ఆమేన్ మాత్రం అనరు. మనసులో అనుకుంటారేమో.

జనవరి 12, ఆదివారం

కూటం అయ్యాక కమలకుమారి గారు నా చెయ్యి పట్టుకున్నారు. మా స్త్రీల ప్రార్థన నడిపేది ఆవిడే. ఈ రోజు ఆరాధన మధ్యలో అందరూ కూర్చున్నా ఈయన ఒక్కరే నిలబడిపోయారు. పెదవులు కదులుతూనే ఉన్నాయట.

"మీ ఆయనకు ప్రార్థనాత్మ దిగింది, స్వర్ణా. మా ఆయనకైతే ప్రసంగంలో నిద్ర దిగుతుంది."

అందరం నవ్వుకున్నాం. ఇద్దరు ముగ్గురు తమ పిల్లల ఇమిగ్రేషన్ కోసం ఈయనతో ప్రార్థన చేయించుకోవాలని అడిగారు. వద్దనుకుంటూనే గర్వపడ్డాను. ప్రభువు క్షమించాలి.

జనవరి 21

ట్రక్కు కుడివైపు అద్దం విరిగింది. ట్రక్కులు నిలిపే యార్డులో స్తంభానికి తగిలిందట. ఐస్ అన్నారు. ఈ ఏడు ఐస్ ఎక్కువగానే ఉంది.

జనవరి 26, ఆదివారం

వచ్చే నెల నాకు యాభై నిండుతాయి. అబిగేల్ టికెట్లు కొనేసింది. వెచ్చని దీవిలో వారం రోజులు, ముగ్గురం.

"చలికాలంలో ఇంత ఖర్చెందుకే?" అన్నాను.

"మామ్, స్నో పడేటప్పుడే కదా వెళ్లేది. సమ్మర్‌లో వెళ్తే ఎవడు కుళ్లుకుంటాడు?"

ఆయన సంతోషించారు. అక్కడ సముద్రం పక్కనే కొండ ఉందని, దాని వెన్ను మీద నడిచే దారి ఉందని అది ఫోన్‌లో చూపించింది. రెండు పక్కలా ఏమీ లేని దారి. చూస్తుంటేనే అరికాళ్లు జివ్వుమన్నాయి. నేను ఒడ్డున కూర్చుంటానన్నాను.

"బాత్‌రూమ్ సింక్ దగ్గర డాడ్ మళ్లీ అలాగే నిలబడ్డాడు. ట్యాప్ ఆన్‌లోనే ఉంది," అంది వెళ్లేటప్పుడు, మెల్లగా, నాకు మాత్రమే వినబడేలా.

ప్రార్థనకు చోటేమిటి? బాత్‌రూమ్‌లో చేసుకోకూడదని ఎవరన్నారు?

ఫిబ్రవరి 2, ఆదివారం

మొన్న ఆయన యార్డుకు రావాల్సింది, దాన్ని దాటి కేంబ్రిడ్జ్ ఊరి దాకా వెళ్లిపోయారట. మధ్యలో మిల్టన్ ఎప్పుడు దాటిందో తెలియదట. ఎగ్జిట్ బోర్డు చూసి ఉలిక్కిపడ్డానన్నారు. అన్నం తింటూ నవ్వుతూనే చెప్పారు. అబిగేల్ ఈ వారం రాలేదు.

దేవదూతలు నడిపి ఉంటారు. వెనక లోడు ఉంది, ముందు శుక్రవారం ట్రాఫిక్ ఉంది, ఎవరికీ గీత పడలేదు. దేవదూతలే.

పాలు అయిపోయాయి. కొత్తిమీర కూడా.

ఫిబ్రవరి 3

అబిగేల్‌కు కేంబ్రిడ్జ్ సంగతి చెప్పలేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

సాయంత్రం ఈయన ఇంట్లో లేరు. షూ గుమ్మం దగ్గరే ఉన్నాయి, కోటు మేకుకే ఉంది. చూస్తే వాకిట్లో మంచు మధ్య మేజోళ్లతో నిలబడి ఉన్నారు. దగ్గరికి వెళ్లేసరికి నా వైపు తిరిగారు.

"నేను సోఫాలోంచి ఎప్పుడు లేచాను?" అన్నారు.

ఆ గొంతు నాకు తెలియదు. చిన్నపిల్లలు తిరునాళ్లలో తప్పిపోయి దొరికినప్పుడు అలా అడుగుతారు.

"మీరు ప్రార్థనలో ఉన్నారండీ," అన్నాను.

కాసేపు నా ముఖంలోకి చూశారు. తర్వాత ఊపిరి వదిలి, "ఆఁ. అవును. ప్రార్థనే," అన్నారు.

వేడినీళ్లలో కాళ్లు పెట్టించాను. వేళ్లు తెల్లబడిపోయి ఉన్నాయి. తుడుస్తుంటే, "మార్చిలో లైసెన్స్‌కు మెడికల్ ఉంది. డాక్టరమ్మ దగ్గర ఇలాంటివి మాట్లాడకు. వాళ్లకు ప్రార్థన అంటే అర్థం కాదు," అన్నారు.

నిజమే. వాళ్లకేం అర్థమవుతుంది?

ఫిబ్రవరి 16, ఆదివారం. దీవి.

మంచువల్ల విమానం ఆలస్యమైంది. దిగగానే ఇడ్లీపాత్ర మూత తీసినట్టు ముఖానికి ఆవిరి కొట్టింది.

మాది దివిసీమ. దీవి అంటే నాకు బురద, మడచెట్లు, నేలతో సమానంగా నిలబడ్డ నీళ్లు. ఉప్పెన వచ్చిన ఏడు నాకు రెండేళ్లు. నీళ్లు నడిచి ఇంట్లోకి వచ్చాయని అమ్మ చెప్పేది. ఇక్కడ దీవి నీళ్లలోంచి లేచి నిలబడింది. గది కిటికీలోంచి ఆ కొండ కనిపిస్తుంది. ఎండుచేప వెన్నుముల్లులా సముద్రం వెంట పొడుగ్గా పోతోంది. పైన ఒక్క చెట్టు లేదు.

గది ఊడ్చే ఆవిడ నేను అటు చూడటం గమనించి ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. దాని మీద నీడ ఉండదు, పట్టుకోవడానికి ఏమీ ఉండదు, గాలి రోజున ఊరివాళ్లు మేకల్ని కూడా తోలరట.

నేనెలాగూ వెళ్లను.

ఫిబ్రవరి 18

వెళ్తున్నాం.

అబిగేల్ తనూ నాన్నా మాత్రమే కొండకు వెళ్తామంది. నేను వద్దనబోయాను. ఈయన అందుకున్నారు.

"ప్రభువు ప్రార్థనకు కొండ మీదికే వెళ్లేవాడు. నీ పుట్టినరోజున కొండ మీద ప్రార్థన చేద్దాం, స్వర్ణా. ఇంతకంటే మంచి కానుక ఏముంటుంది?"

ఈయన ప్రార్థనాపరుడని ఊరందరికీ చెప్పింది నేనే. కమలకుమారి గారికి, వాళ్ల చెల్లెలికి, ఫోన్‌లో మా అన్నయ్యకు కూడా. ఇప్పుడు కొండ మీద ప్రార్థన వద్దని ఏ నోటితో అనను? నా మాటే నాకు అడ్డం వచ్చింది.

నేను లేకుండా ఆయన్ని పంపలేను. ఎందుకు పంపలేనో రాయను.

ఫిబ్రవరి 20

నిన్న రాయలేదు.

నిన్న పొద్దున బయలుదేరాం. మొదట అడవి. జామపళ్లు రాలి కుళ్లిన వాసన, ఎర్రమట్టి, మెట్లలా వేర్లు. ఆయన పాట పాడుతూనే నడిచారు. పది అడుగులకోసారి వెనక్కి తిరిగి, "అమ్మగారి మోకాళ్లు ఎలా ఉన్నాయి?" అని ఆటపట్టించారు. నాకు ధైర్యం వచ్చింది. భయపడినందుకు సిగ్గు కూడా వేసింది.

తర్వాత చెట్లు అయిపోయాయి. తలుపు తీసుకుని బయటికి వచ్చినట్టు ఒక్కసారిగా అయిపోయాయి. అక్కడ ఒక బోర్డు ఉంది. అంచుకు దూరంగా నడవమని రాసి, పడిపోతున్న మనిషి బొమ్మ వేశారు. బొమ్మకు ముఖం లేదు.

దారి మా వంటింటి గట్టు కంటే కాస్త వెడల్పు. ఎడమ పక్క సముద్రం. ఒడ్డు కాదు, సముద్రం, ఎక్కడో కాళ్ల కింద. కుడి పక్క లోయ. తెల్లపక్షులు మాకంటే కింద ఎగురుతున్నాయి. పక్షుల వీపులు చూడటం నాకు అదే మొదటిసారి. గాలికి చున్నీ నిలవలేదు. నడుముకు చుట్టుకుని ముడేశాను. అబిగేల్ ముందు, ఆయన మధ్యలో, నేను చివర.

కాస్త వెడల్పైన చోట ఆయన ఆగి కూర్చున్నారు. "ఇక్కడ చేద్దాం" అన్నారు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు.

నేను కళ్లు మూసుకోబోయాను. మూస్తే దొర్లిపోతాననిపించింది. అందుకే తెరుచుకునే ఉన్నాను. ఆయన ప్రార్థన చేస్తుంటే చూడటం పెళ్లయ్యాక అదే మొదటిసారి. చేదుమందు తాగే పిల్లాడిలా కళ్లు గట్టిగా మూసుకున్నారు. గొంతు పైకే వచ్చింది.

"ప్రభువా, దీన్ని యాభై ఏళ్లు కాపాడావు. దీని మోకాళ్లు బాగుచెయ్యి. పిల్లకు మంచి సంబంధం చూపించు. నా ట్రక్కును, రోడ్డు మీద వాళ్లని కాయి. ఆమేన్."

"డాడ్! సంబంధం పార్ట్ కట్ చెయ్," అంది అబిగేల్.

"పైకి వెళ్లిపోయింది. ఇప్పుడు కట్ చేయడం కుదరదు," అని టోపీ పెట్టుకున్నారు.

ఎంత చిన్న ప్రార్థన! ఎంత మామూలుగా ఉంది! ఇంట్లో ఇన్నాళ్లూ ఒక్కసారి కూడా ఈ గొంతు వినలేదే అనుకున్నాను. అనుకుని లేచి నడుస్తున్నాను.

దారి మళ్లీ సన్నబడింది. అబిగేల్ చాలా ముందుకు వెళ్లిపోయింది. ఆయన ఆగారు. ఆయాసమేమో అనుకున్నాను. చెయ్యి గుండీ మీదికి వెళ్లింది.

కాస్త పక్కకు ఒరిగి ముఖం చూశాను.

కళ్లు తెరిచి ఉన్నాయి.

దారి వైపే ఉన్నాయి, దారిని చూడటం లేదు. దీపం వెలుగుతున్నా మనుషులు లేని ఇల్లులా ఉన్నాయి. పెదవులు మాటలు పలకడం లేదు. చప్పరిస్తున్నాయి, నములుతున్నాయి, నోట్లో ఏమీ లేకుండా. టోపీ తలమీదే ఉంది. ప్రార్థన అయిపోయింది, ఆమేన్ అనడం నేను విన్నాను. ఇది అది కాదు. ఇది ఏనాడూ అది కాదు. భోజనం దగ్గర, కూటంలో నేను తల కప్పుకుని కళ్లు మూసుకున్నది దీని ముందే, వాకిట్లో మంచులో ప్రార్థన అన్నది దీన్నే.

"ఏమండీ," అన్నాను. గాలిలో నాకే వినబడలేదు.

ఆయన నడవడం మొదలుపెట్టారు. తొందరేమీ లేదు. తలుపు తీసుకుని వాకిట్లోకి వెళ్లే మనిషిలా ఎడమ పక్కకు నడిచారు.

"కృపాదానం!" అని అరిచాను. ఎన్నడూ నోట పలకని పేరు. ఆ పేరు గల మనిషి అక్కడ లేడు.

ఆయన నడుం బెల్టు పట్టుకుని, నేల మీద కూలబడి వెనక్కి వాలాను. ఆయన మళ్లీ ఒక అడుగు వేశారు. నేనూ జరిగాను. మడమల కింద మట్టి రాలింది. రాళ్లు దొర్లాయి, కింద పడిన చప్పుడు రాలేదు. ప్రార్థన గుర్తు రాలేదు. ఒక్క వాక్యం గుర్తు రాలేదు. అబిగేల్ పేరు మాత్రం అరుస్తూ ఉన్నాను. అది పరుగెత్తుకొచ్చి ముందు నుంచి ఆయన ఛాతీ మీద రెండు చేతులూ వేసి నెట్టింది. దాని మడమల వెనక నేల లేదు.

ముగ్గురం కుప్పగా పడ్డాం. ఎంతసేపో తెలియదు.

"ఏంటి స్వర్ణా, ఇలా పట్టుకున్నావు? జనం చూస్తారు," అన్నారు ఆయన.

అబిగేల్ ఆయన్ని చూడలేదు. నన్నే చూసింది.

"హౌ లాంగ్, మామ్? ఎప్పటినుంచి?"

వచ్చిన దారినే వెనక్కి రావాలి. వేరే దారి లేదు. చున్నీ విప్పి ఒక కొస ఆయన బెల్టుకు, ఒక కొస నా నడుముకు కట్టుకున్నాను. "మన పెళ్లిలో కూడా ఇలా కట్టలేదు కదే!" అని నవ్వబోయారు. ఆయన వెనకే నడుస్తూ, గుండీ దగ్గరికి చెయ్యి వెళ్తుందేమోనని చూస్తూ వచ్చాను. చెట్ల నీడలోకి వచ్చేదాకా కన్నార్పలేదు.

ఫిబ్రవరి 21

"తల తిరిగింది. ఎండ." పొద్దుటి నుంచీ ఇదే మాట.

అబిగేల్ డాక్టరుకు ఫోన్ చేస్తానంది. ఆయన లేచి నిలబడ్డారు.

"చేసి చూడు. ఒక్క మాట చెప్తే వాళ్లు పైకి రాస్తారు, లైసెన్స్ పోతుంది. స్టీరింగ్ తప్ప నాకేం తెలుసు? సోమవారం సడ్‌బరీ లోడు ఉంది, నేను వెళ్తాను."

"డాడ్, యూ వాక్డ్ ఆఫ్ ఎ క్లిఫ్!"

"ఆఫ్ కాలేదు కదా?"

నేను నోరు తెరిచాను. ఆయన నా వైపు తిరిగారు. కోపంగా అనలేదు. అదే బాధ.

"ప్రార్థన అన్నది నువ్వే కదా, స్వర్ణా."

ఫిబ్రవరి 22

విమానంలో మధ్య సీటులో నేను కూర్చున్నాను. నిద్రపోలేదు. ట్రక్కు ముందు భాగం ఎంత ఎత్తు ఉంటుందో, పక్కన వెళ్లే చిన్న కార్లు దానికి ఎంత కింద ఉంటాయో గుర్తుకొచ్చింది.

ఫిబ్రవరి 23, ఆదివారం

ప్రయాణం చేసి వచ్చినవాళ్లు సాక్ష్యం చెప్పడం మా కూటంలో అలవాటు. ముందుగా ఆయన్నే పిలిచారు.

"కొండ మీద ప్రార్థనలో ఉండగా నా పాదం అంచు దాకా వెళ్లింది. వెనక నుంచి ఒక చెయ్యి పట్టుకుని లాగింది. అది దేవుని చెయ్యి," అన్నారు.

అందరూ స్తోత్రం అన్నారు. కమలకుమారి గారు కళ్లు ఒత్తుకున్నారు. నేను నా అరచేతులు చూసుకున్నాను. బెల్టు కోసిన గీత ఇంకా ఎర్రగానే ఉంది.

దేవుని చెయ్యి కాదని నేను అనను. కానీ రేపు సడ్‌బరీ దారిలో నా చెయ్యి ఉండదు.

మైకు నాకిచ్చారు. నేను లేస్తే ప్రతిసారీ ఎవరో ఒకరు "దగ్గరగా పెట్టుకోండి, వినబడటం లేదు" అంటారు. ఈసారి దగ్గరగా పెట్టుకున్నాను.

"అందరికీ వందనాలు. ఆయన ప్రార్థనలో లేరండీ. కళ్లు తెరిచే ఉన్నాయి, ఆయన మాత్రం అక్కడ లేరు. అది జబ్బు. క్రిస్మస్ ముందు నుంచీ ఉంది. మీలో కూడా చూసినవాళ్లున్నారు. ప్రార్థన అని పేరు పెట్టింది నేను. నా మాట మీరు నమ్మారు, ఆయనా నమ్మారు. రేపు ఆయన ట్రక్కు ఎక్కకూడదు. ఎక్కనివ్వకుండా మీరు నాకు సాయం చేయాలి."

ఎవరూ స్తోత్రం అనలేదు. ఆయన నేల చూస్తూ కూర్చున్నారు. చెవులు ఎర్రబడ్డాయి.

బయట కమలకుమారి గారు నన్ను పక్కకు తీసుకెళ్లారు. "ఇది ఇంట్లో మాట్లాడుకోవాల్సింది, స్వర్ణా. మగమనిషి పరువు తీశావు."

"రోడ్డు మీద మనుషులున్నారండీ," అన్నాను.

ఆవిడ నా చున్నీ సరిచేసి వెళ్లిపోయారు.

పార్కింగ్‌లో ఆయన అలవాటుగా డ్రైవరు తలుపు దగ్గరికి వెళ్లారు. చలిలో చాలాసేపు నిలబడ్డారు. నేను, అబిగేల్ ఇవతల నిలబడ్డాం. చివరికి తాళాలు కారు కప్పు మీద పెట్టి, చుట్టూ తిరిగి వచ్చి వెనక సీటులో కూర్చున్నారు.

అబిగేల్ తాళాలు తీసుకుని ఇంటిదాకా నడిపింది.

ఫిబ్రవరి 26

డాక్టరమ్మ ఆయన్ని కాదు, నన్ను అడిగింది. కళ్లు ఎలా ఉంటాయి, పెదవులు ఎలా కదులుతాయి, తర్వాత ఏం గుర్తుంటుంది. అన్నీ చెప్పాను. మూర్ఛలో ఇదొక రకమట. పడిపోకుండా, నురగ లేకుండా కూడా వస్తుందట. స్కానింగ్ తీస్తారు. లైసెన్స్ సంగతి పైకి రాయక తప్పదంది.

మాత్రలు మొదలుపెట్టారు. పూర్తిగా పట్టడానికి సమయం పడుతుందట. అందాకా మెట్ల దగ్గర, పొయ్యి దగ్గర, వేడినీళ్ల దగ్గర ఒంటరిగా వదలవద్దంది.

ఆయన నాతో మాట్లాడటం లేదు. "టీ" అంటారు, "చాలు" అంటారు, అంతే.

మార్చి 2, ఆదివారం

కూటానికి వెళ్లలేదు. ఆయన రానన్నారు. ఆయన్ని వదిలి నేను వెళ్లలేను.

మధ్యాహ్నం వంటింట్లో ఉండగా వెనక నుంచి వినిపిస్తున్న ఆయన మాట ఆగిపోయింది. ఫోన్‌లో యార్డువాళ్లతో మాట్లాడుతున్నారు, హఠాత్తుగా నిశ్శబ్దం. గరిటె వదిలేసి పరుగెత్తాను. ఫోన్ బల్ల మీద ఉంది. తల వంచుకుని ఉన్నారు. పెదవులు కదులుతున్నాయి.

"కృపాదానం గారూ!"

తల ఎత్తారు. కళ్లు తడిగా ఉన్నాయి. ఆయన కళ్లే.

"ప్రార్థన కూడా చేసుకోనివ్వవా?" అన్నారు. ఇన్ని రోజుల్లో నాతో అన్న పెద్ద మాట అదే.

"చేసుకోండి. నేనిక్కడే కూర్చుంటాను."

"కళ్లు మూసుకుంటావా?"

"లేదండీ."

ఆయన మళ్లీ తల వంచుకున్నారు. నేను పొయ్యి ఆపి, డైరీ తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాను. ఒక వాక్యం రాసి తలెత్తుతున్నాను, ఇంకో వాక్యం రాసి తలెత్తుతున్నాను.

కళ్లు మూసే ఉన్నాయి. చేతులు బల్ల మీదే ఉన్నాయి.

ఎడమచెయ్యి లేచింది. గుండీ దాకా వెళ్లి ఆగింది.

ఇంకా ఆమేన్ అనలేదు.